ఆశకు సాక్ష్యము

(కృష్ణాతీరమున నొక పఠనమందిర వార్షికసభయందు చదివిన యుపన్యాసము)



ఈ మందిరమున ప్రతిదినము ప్రాతఃకాలమున వార్తాపత్రికలు బల్లపై పఱచబడును. చదువరులు వత్తురు, చదువుదురు, ఒకరితో నొకరు రెండు మాటలాడుకొని వెడలుదురు. ఇది యనేక సంవత్సరములుగా జరుగుచున్న పద్ధతి. ఈ నడుమ మన కార్యకర్తలగు యువకులు కొందఱు మా యొద్దకు వచ్చి, "అయ్యా! మేము పత్రిక తెఱచుట మానుకొంటిమి. ఏ పుట త్రిప్పినను యుద్ధమే. ఈ లోకము బాగుపడునని మీరు నిజముగ నమ్ముచున్నారా? నమ్మనిచో ఈ బీరువాల దుమ్ము దులుపుట యెందులకు? ఊరూర తిరిగి పనిచేయుట యెందులకు?" అని యడిగిరి. వారు సోమరులు కారు. పరిహాసమున కడిగినవారును కారు. అందొకడు రాజీనామాపత్రమును వ్రాసి జేబులో నుంచుకొనియే వచ్చెను. కావున నివేదికలోని జమాఖర్చులను కార్యదర్శిగారికి వదలి, ఆ ప్రశ్ననే నేడు మేము చేపట్టినాము.

ఆ ప్రశ్న యూరకే పుట్టినది కాదు. 2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించి లోకము తలుపులు మూసికొనినప్పుడు, కూలిజనము నెత్తిన మూటలతో, చంకన బిడ్డలతో నగరములు విడిచి స్వగ్రామములకు నడచిపోవుట మనము కన్నులార చూచితిమి. ఆ గాయము మానకమునుపే, 2022 ఫిబ్రవరిలో రష్యా సేనలు యుక్రెయిను దేశముపై దండెత్తెను. 2023 ఏప్రిలున సూడానులో సేనాపతు లిరువురు పరస్పరవైరమున తమ దేశమునే రణరంగము గావించిరి. ఆ సంవత్సరమే అక్టోబరున ఇజ్రాయేలుపై జరిగిన దాడియు, దాని వెంబడి గాజాపై సాగిన యుద్ధమును వేలకొలది పసిబిడ్డలను బలిగొనెను. 2024వ సంవత్సరమా, అప్పటివరకు లెక్కకెక్కిన సంవత్సరము లన్నిటిలోను మిక్కిలి వేడిమి గలది. ఇవి యన్నియు నిజములు. ఇందేదియు గోరంతలు కొండంతలుగ చెప్పినది కాదు. పూర్వము దుర్వార్త టపాలో వచ్చెడిది. వచ్చులోపల మనుష్యుడు రెండుపూటలు భుజించి నిదురించెడివాడు. ఇప్పు డది దిండుక్రిందనుండియే మ్రోగుచున్నది.

అయినను మాకొక యభ్యంతరము కలదు. మేము న్యాయస్థానములలో తిరుగువారము. వృత్తిదోషమో, అలవాటో, ప్రతి తీర్పునకును సాక్ష్య మేదియని యడుగుట మాకు పరిపాటి. ప్రతివాది హాజరు కాని వ్యాజ్యములలో ఏకపక్షముగ డిక్రీ యిచ్చుట కలదు. నిరాశ కూడ నట్టి డిక్రీయే. వాది సాక్షులందఱు వచ్చి చెప్పిపోయిరి. వారి మాట సత్యమే. కాని రెండవపక్షపు సాక్షులు పిలువబడలేదు. వారు పత్రికలయందు మొదటిపుటలో కనబడువారు కారు. జరుగవలసిన ఘోరము జరుగకపోయినచో నది వార్త కాదు గదా! సివిలు ప్రొసీజరు కోడులో అట్టి డిక్రీని రద్దుచేయించుకొనుటకు దరఖాస్తు పెట్టు హక్కు కలదు. గడువు మాత్రము ముప్పది దినములే. మన యువకులు ముప్పది దినములు దాటకముందే వచ్చి యడిగినందుకు సంతోషించుచున్నాము.

మేము పిలుచు సాక్షి యొక ద్వీపము. బంగాళాఖాతపు ఉత్తరపుకొసన, మేఘనానది సముద్రమున కలియుచోట, భోలా యను దీవి కలదు. మన కృష్ణాగోదావరీ ముఖములవలెనే అదియు నొండ్రుమట్టి నేల. వరిపొలములు, చేపలపడవలు, సముద్రమట్టమునకు కొంచెమే యెత్తున గుడిసెలు. 1970 నవంబరు 12వ తేది రాత్రి తుపానుతోడి యుప్పెన ఆ తీరమంతటను విఱుచుకొనిపడెను. ఒక్క రాత్రిలో మూడు మొదలు ఐదు లక్షలవఱకు జనులు మరణించిరని యంచనా. గాలివాన వచ్చుచున్నదని తెలియకపోలేదు. తెలిసినవారి మాట దీవిలోని గుడిసెవానికి, వానికి బోధపడు భాషలో, వాడు లేచి పోదగినంత ముందుగ అందలేదు. అందినను పోవుటకు చోటు లేదు.

పిమ్మట నేమి జరిగినదో మీ రెఱుగుదురు. 1971 మార్చిలో ఆ దేశమున దారుణమైన సంహారము మొదలయ్యెను. రమారమి కోటి జనులు సరిహద్దు దాటి మనదేశమునకు శరణార్థులై వచ్చిరి. డిసెంబరులో యుద్ధము ముగిసి బంగ్లాదేశమను క్రొత్తరాజ్యము నిలిచెను. వంతెనలు కూలియుండెను, బొక్కసము శూన్యము, ధాన్యము లేదు. 1972లో ఆ దేశస్థుడొకడు "మా కింక మంచికాలము లేదు" అనియుండినచో వానితో వాదింప మా కెవ్వరికిని నోరు రాదు.

ఆ 1972లోనే, రెడ్‌క్రాస్ సంఘమును నూతన ప్రభుత్వమును కలిసి తుపాను సన్నాహక కార్యక్రమమును ప్రారంభించెను. అందలి పరికరములను వినిన మీకు నవ్వు వచ్చును. ఒక ట్రాన్సిస్టరు రేడియో. ఒక మెగాఫోను. చేత త్రిప్పు సైరను. కఱ్ఱకు కట్టిన జెండాలు. ఇవి పుచ్చుకొని ఊరిలోని రైతో, ఉపాధ్యాయుడో, చేపలవాడో ఇంటింటికి పోయి, "లెండు, పిల్లలను తీసికొనుడు, నడువుడు" అని కేకవేయవలెను. జీతము లేదు. పది వాయుగుండములకు పోయి లేపినచో తొమ్మిది యెటో తిరిగిపోవును, ఊరివారు నవ్వుదురు, పదవసారి మరల పోయి లేపవలెను. మా యభిప్రాయమున ఈ పనిలో కష్టమంతయు ఆ పదవసారియందే యున్నది.

ఎదురుపక్షమువారు ఇచ్చట లేచి ప్రశ్నింతురు: "1991 ఏప్రిలు 29న ఏమయ్యెను?" అని. దాచనక్కఱలేదు. చిట్టగాంగు తీరమున నాడు వచ్చిన తుపానులో లక్షా ముప్పదియెనిమిదివేల మంది మరణించిరి. పందొమ్మిదేండ్ల శ్రమ పిమ్మట నింత చావు! ఆ దినమున మెగాఫోను పారవైచి యింటికి పోయినవాడు కలడేమో. పోయిన మేము తప్పుపట్టము. కాని మిగిలినవారు కూర్చుండి కారణములు విచారించిరి. తలదాచుకొను షెల్టరులు చాలవు. స్త్రీలు పురుషులకంటె చాల హెచ్చుగ మరణించిరి. పసిబిడ్డలను విడిచి, ఇల్లు విడిచి, పరపురుషులు గుమికూడినచోటికి కదలుటకు వారు సందేహించిరి. అందుచేత షెల్టరులు కట్టబడెను. స్త్రీలకు వేఱుగదు లేర్పడెను. పిలుచుటకు స్త్రీలనే నియమించుట ప్రారంభమయ్యెను. నేడా స్వచ్ఛందసేవకులు డెబ్బదివేలకు పైబడి యున్నారు. అందు సగముమంది స్త్రీలు. 2007 నవంబరున సిడర్ అను మహావాతము వచ్చినప్పుడు మృతులు మూడువేల నాలుగువందల ప్రాంతము. 2020 మేలో, కోవిడ్ భయము నడుమనే, అంఫాన్ వచ్చినప్పుడు ఇరువది లక్షలకు మించిన జనమును ముందుగ తరలించిరి. ఆ దేశమున మరణముల సంఖ్య పదులలోనే యుండెను.

తుపాను లన్నియు సమానబలము గలవి కావు. తాకిన తీరములును వేఱు. లక్షలను పదులను ప్రక్కప్రక్కన పెట్టి, ఈ భేదమంతయు మెగాఫోనులదే యనుట మంచి వకీలు చేయదగిన వాదము కాదు. ఉపగ్రహములు వచ్చెను, రోడ్లు వచ్చెను, దేశము కొంత సంపన్నమయ్యెను. అవి యన్నియు తీసివేసిన పిదపను మిగులునది మాత్రము తక్కువ కాదు.

సాక్షిని దింపివేయక మఱియొక ప్రశ్న యడుగుదము. ఆ భోలాదీవియే 1975లో మఱియొక చరిత్రకు స్థానమయ్యెను. మన పల్లెలలో నమ్మవారని పిలిచి భయభక్తులతో వేపరెమ్మలు కట్టిన మశూచి, ఇరువదవ శతాబ్దమున లోకమున ముప్పది కోట్లమందిని చంపెనని యంచనా. దానిని భూమిపై లేకుండ చేయవలెనని 1958లో ప్రపంచారోగ్యసభయందు ప్రతిపాదించినవారు సోవియటు వైద్యులు. 1967లో దృఢముగ మొదలిడిన కార్యక్రమమునకు నాయకుడు అమెరికా వైద్యుడు. ఆ రెండు రాజ్యములును అప్పుడు ఒండొరుల నగరములపై అణ్వస్త్రములు గుఱిపెట్టుకొని కూర్చుండినవి. వైద్యులు మాత్రము రష్యానుండి వచ్చిన టీకామందును అమెరికాలో కల్పించిన రెండుమొనల సూదితో మనవంటివారి భుజములకు గ్రుచ్చుచుండిరి!

1974లో మనదేశమున, ముఖ్యముగ బీహారున, ఆ వ్యాధి మిక్కిలిగ చెలరేగి కొలది మాసములలో పదునైదు వేలమందిని హరించెను. ఆ మే నెలలోనే రైల్వేసమ్మె. నూనె ధరలు మండిపోవుచుండెను. ఇక నీపని కాదని చెప్పుటకు అంతకంటె మంచి సమయము దొరకదు. అట్లు చెప్పక, ఆరోగ్యకార్యకర్తలు లక్షలకొలది గ్రామములలో ఇంటింటి తలుపు తట్టి, ఒక చిత్తరువు చూపి, "ఇట్టి పొక్కులు గలవా రెవ్వరైన నున్నారా?" యని యడిగిరి. ఏడాది తిరిగి 1975 మే వచ్చుసరికి ఈ దేశమున ఆ వ్యాధి కడసారి కనబడి మాయమయ్యెను.

బంగ్లాదేశమున నింకను మిగిలియుండెను. 1974లో నచ్చట క్షామము. 1975 ఆగస్టు 15న అధ్యక్షుడు కుటుంబముతో హత్యచేయబడెను. అది జరిగిన రెండు నెలలకు, అక్టోబరున, భోలాదీవిలో నొక పసిబాలికకు మశూచి వచ్చినట్లు ఆ ప్రాంతముననే యుండు ఎనిమిదేండ్ల బాలిక యొకతె కార్యకర్తలకు తెలిపి, 250 టాకాల బహుమానము పొందెను. మశూచిలో తీవ్రమైన రకము ప్రకృతిసిద్ధముగ మనుష్యునకు సోకుట లోకమున అదియే కడపటిది. ఆ పసిబిడ్డ బ్రదికినది. అల్పరకముగూడ 1977 అక్టోబరున సోమాలియాలో ముగిసెను. 1980 మే 8న ప్రపంచారోగ్యసభ ఆ వ్యాధి నశించినదని ప్రకటించెను. అప్పటికి సోవియటు సేన ఆఫ్గనిస్తానమున ప్రవేశించి నాలుగునెలలు దాటినది. రెండుపక్షములును మరల కత్తులు నూరుకొనుచుండెను. ఆనాటి పత్రికలలో ఏది పెద్ద యక్షరములతో పడెనో మీరే యూహింపుడు.

దూరదేశపు సాక్షి మనకేల యనువారు మన దివిసీమకు పోవచ్చును. 1977 నవంబరు 19, శనివారము, కార్తీకమాసము, వరి చేతికి వచ్చుచున్న కాలము. ఆ సాయంకాలమున సముద్రము తాటిచెట్లను ముంచుచు లోపలికి వచ్చి నాగాయలంక ప్రాంతపు పల్లెలను, సొర్లగొందిని, తుడిచిపెట్టెను. పదివేలమంది మరణించిరి. ఆ సీమలో కుటుంబమున కొకరినైన పోగొట్టుకొననివా రరుదు. ఈ సభలోనే అట్టివారు కూర్చుండియున్నారని యెఱుగుదుము గనుక దానిని వర్ణింప బూనుకొనము. పిదప తీరమున షెల్టరులు లేచెను. 1983లో ఇన్‌శాట్-1బి ఉపగ్రహము ఆకాశమునుండి మేఘములను కనిపెట్టసాగెను. 1990 మే 9న కృష్ణాముఖముననే మఱియొక ఘోరమైన తుపాను తాకెను. ఈసారి ముందుగనే లక్షకు మించిన జనమును లేపి తరలించిరి. అప్పటికిని వేయిమందికి లోపుగ మరణించిరి, అదియేమి చిన్నసంఖ్య! కాని పదివేలు కాదు. ఆ మిగిలిన ప్రాణము లెవరివో ఎవరికిని తెలియదు. తాను బ్రదికింపబడితినని తెలియక బ్రదుకుచున్నవాడు సాక్ష్యమునకు రాడు. అందుచేతనే మేము వాని తరఫున వకాల్తా పుచ్చుకొంటిమి. ఒరిస్సావారిదియు నిట్టి కథయే: 1999లో రమారమి పదివేల చావులు, 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు సుమారు పదిలక్షలమందిని కదలించి, నష్టమును పదులకు దింపిరి.

ఇంతవఱకు విని మన యువకులలో చతురుడొకడు అడ్డుప్రశ్న వేసినాడు. "గాలివాన ప్రకృతి; దానికి ద్వేషము లేదు. యుద్ధము మనుష్యుని సంకల్పము. మెగాఫోనుతో యుద్ధమును ఆపగలరా?" ప్రశ్న సరియైనది. ఆపలేము. ఎల్ సాల్వడారు దేశమున 1985లో అంతర్యుద్ధము మండుచుండగా, ఇరుపక్షములును మూడు దినములు, వేర్వేరు మాసములలో, తుపాకులు దించి బిడ్డలకు టీకాలు వేయనిచ్చెను. యుద్ధము 1992వఱకు సాగెను. 2024 సెప్టెంబరున గాజాలో పోలియో కనబడగా, ప్రాంతముల వారీగ కొలదిగంటల విరామములలో ఐదులక్షలకు మించిన బిడ్డలకు చుక్కలమందు వేసిరి; విరామము ముగిసిన వెంటనే బాంబులు పడెను. చుక్కలు వేయించుకొనిన బిడ్డలలో ఎందఱు తరువాత చంపబడిరో తలచుకొన గుండె యవియును. దీనిని విజయమని చాటుట అన్యాయము. వ్యర్థమనుటయు నంతే యన్యాయము. ఆ మందుసీసాలు మోసినవారు, దినమునకు కొన్నిగంటలే పని సాగునని తెలిసియు, ఆ గంటలను వదలుకొనలేదు.

ఆశ యనగా జయమును గూర్చిన జోస్యమని మన యువకులు తలంచినట్లున్నది. జోస్యము మా చేతకాదు. కక్షిదారుడు వచ్చి, "గెలుతుమా, బాబుగారూ?" అని యడుగును. ఇరువదేండ్లకు పైగా ఆ ప్రశ్న వినుచున్నాము. ఇంతవఱకు నిశ్చయముగ ఉత్తరము చెప్పగలిగినది లేదు. తండ్రి వేసిన భూమిదావా కుమారుని కాలమున తేలును. మేము చెప్పగలిగినది, "వాయిదాకు రమ్ము, కాగితములు తెమ్ము, సాక్షులను నిలుపుకొనుము" అనుటయే. వాయిదాకు పోనివాడు ఓడును. ఇందు సందేహము లేదు. పోయినవాడు గెలుచునో లేదో గాని, వాని కేసు బ్రదికియుండును. లోకమున అంతయు మంచికే జరుగునని పడకకుర్చీలో కూర్చుండి చెప్పు పెద్దమనుష్యులు కొందఱు కలరు. వారిని జూచిన మాకు నిరాశాపరులకంటె నెక్కువ భయము. నిరాశాపరునకు గుండె నొప్పియైన నున్నది. మన యువకుని జేబులోని రాజీనామా ఆ నొప్పివలన పుట్టినదే గనుక దానిని చించుమని మేమడుగము. ఈ యేటికి పని చేసి, వచ్చు వార్షికసభలో ఇచ్చుకొనవచ్చును.

బీరువాల మాట మిగిలినది. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవలో పుస్తకములు పేర్చి మన కృష్ణాకాలువలపై గ్రామగ్రామమునకు త్రిప్పిరి. ఆ సంవత్సరమే ఇటలీ సేనలు ఇథియోపియాపై దండెత్తెను. నాలుగేండ్లలో లోకమంతయు యుద్ధాగ్నిలో పడవలసియుండెను. పడవ రేవున నాగగానే పుస్తకములకై ఎదురుచూచిన పిల్లలకు ఆ సంగతి తెలియదు. పడవ త్రిప్పినవారికి తెలియకపోదు. పత్రికలు చదువువారే గదా! కావున పత్రిక చదువుట మానవలదు. దినమున కొకసారి, ఈ బల్లయొద్ద, నలుగురితో కూడి చదువుడు. చేతిఫోనులో గంటగంటకును చదువుట మాత్రము చదువు కాదు, గోకుడు.

ఇక పనిమాట. గతవత్సరము మేము తీరగ్రామములలో తిరిగినప్పుడు ఒకయూరి తుపాను షెల్టరు తలుపు తెఱచి చూడగోరితిమి. తాళము వేసియున్నది. తాళపుచెవి యొక్కటే, అది పట్టణమున కాపురముండు నొక కాంట్రాక్టరు నొద్ద నున్నదనిరి. లోపల నెవరివో ఎరువుబస్తాలు నిలువ యున్నవట. నీళ్లతొట్టి పగిలియున్నది. ఆ యూర ఒంటరిగ నుండు వృద్ధు లెందఱు, నడువలేనివా రెందఱు, ఎవరిని ఎవరు మోయవలెను అను పట్టిక ఏకార్యాలయమునను లేదు. కార్తీకమున కింకను వ్యవధి యున్నది. ఎరువుబస్తాల విషయమున జిల్లా యధికారులకు అర్జీ సిద్ధముచేసితిమి. కోర్టుఖర్చు ఏమైన నైనచో మేము భరింతుము. తాళపుచెవికి రెండు ప్రతులు చేయించి, ఒకటి బడి యుపాధ్యాయిని యొద్దను, ఒకటి షెల్టరు ప్రక్కయింటి ముసలమ్మ యొద్దను ఉంచవలెను. ఆమె యెల్లప్పుడు నింటనే యుండును. వృద్ధుల పట్టిక వ్రాయుటకు ఎనిమిదిమంది కావలెను. ఆదివారము ఉదయము ఏడుగంటలకు బస్సు. రాగోరువారు సభ ముగియులోపల తమ పేరులను కార్యదర్శిగారికి నీయవలెను.